మధుమేహి చేతిసంచి

మధుమేహము కలదని తెలిసిన నాటి సాయంకాలమే ఇంటిలో రెండు శాసనములు వెలువడును. అది తినరాదు, ఇది తినరాదు అనునది మొదటిది. ఇక ఎక్కడికిని పోరాదు అనునది రెండవది. మొదటి దానిని వైద్యుడు కొంత చెప్పగా ఇరుగుపొరుగువారు తక్కినది పూరింతురు. రెండవ దానిని ఎవరును నోటితో చెప్పరు. కాని కాశీయాత్ర మరుసటి యేటికి వాయిదా పడును. కాలినడకతో తీరవలసిన కొండమ్రొక్కు కారులో తీరును. ఈ పూట మేము ఈ రెంటిని గూర్చియు కలిపి మాటలాడదలచితిమి. తిండిని ప్రయాణమును వేరువేరుగా చూచుటవలననే ఈ వ్యాధి విషయమున పెక్కు పొరపాట్లు జరుగుచున్నవని మా యభిప్రాయము.

నేడు మన నగరములలో 'పేలియో' అను మాట వినని వారు తక్కువ. పాతరాతియుగపు ఆహారమని దాని యర్థము. మనుష్యుడు వ్యవసాయము నేర్చి సుమారు 10,000 ఏండ్లే యైనది. అంతకు పూర్వము లక్షల యేండ్లు వేటాడియు ఏరుకొనియు బ్రతికెను. కావున మన శరీరము ఆ తిండికే అలవడినది అని ఈ పథ్యమువారి వాదము. 1985లో ఈటన్, కోనర్ అను ఇద్దరు అమెరికా పండితులు ఒక వైద్యపత్రికలో ఈ వాదమును శాస్త్రీయముగా ప్రతిపాదించిరి. మాంసము, చేపలు, గ్రుడ్లు, కూరగాయలు, దుంపలు, పండ్లు, గింజలు తినవచ్చును. బియ్యము, గోధుమ, జొన్న, పప్పులు, పాలు, చక్కెర కూడదు. పప్పును పెరుగును ఒక్కసారిగా వెలివేసిన పథ్యము తెలుగువాని విస్తరిపై ఎంతకాలము నిలుచునో శ్రోతలే ఊహించుకొనగలరు.

ఇందులో శాస్త్రమెంత, ఉత్సాహమెంత? పాతరాతియుగపు మానవుడు పిండిని ఎరుగడను మాట నిలువదు. ఇటలీ, రష్యా, చెక్ దేశములలో దొరకిన సుమారు 30,000 ఏండ్లనాటి నూరుడు రాళ్లపై మొక్కల పిండిరేణువులు కనబడినవని 2010లో పరిశోధకులు ప్రకటించిరి. అట్లని పథ్యమంతయు వ్యర్థమనరాదు. స్వీడన్ దేశమున 13 మంది మధుమేహులపై జరిపిన పరీక్ష ఫలితములు 2009లో వెలువడినవి. వారు మూడు నెలలు ఈ తిండిని, మూడు నెలలు మామూలు మధుమేహ పథ్యమును తినిరి. రాతియుగపు తిండి తినిన నెలలలో రక్తమున చక్కెర, శరీరమున బరువు మరికొంత తగ్గెను. పదుమువ్వురిపై జరిగిన పరీక్ష ఒక సూచన మాత్రమే. 'పేలియో' అని ముద్రవేసి అంగళ్లలో అమ్ముచున్న బిస్కత్తుల మాట మేమెత్తము. అట్టి పొట్లము ఏ గుహలోను దొరకలేదు.

అయినను ఈ విషయమున మా మనసును లాగిన వృత్తాంతమొకటి కలదు. కెరిన్ ఓడే అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞురాలు దానిని 1984లో ప్రకటించెను. పశ్చిమ ఆస్ట్రేలియాకు ఉత్తరమున డెర్బీ అను చిన్న పట్టణము కలదు. దానికి చేరువలో నివసించు ఆదివాసులు కొందరు తాతముత్తాతల నేలను విడిచి వచ్చినవారు. వేట పోయి, గోధుమపిండియు చక్కెరయు క్రొవ్వు మాంసమును వారి నిత్యాహారమైనవి. వాటి వెంటనే మధుమేహమును వచ్చెను. నడివయసు మధుమేహులు పదిమంది, ఆ వ్యాధి లేనివారు కొందరు కలిసి, ఏడు వారములపాటు తమ పూర్వుల నేలకు పోయి పూర్వులవలెనే బ్రతుకుటకు సమ్మతించిరి. అంగడి లేదు. దారిలో వేట చాలనప్పుడు పశుమాంసము తినిరి. సముద్రతీరమున ఎక్కువగా చేపలే దొరకెను. పిమ్మట లోతట్టున నదీతీరము చేరి కంగారూ మాంసము, మంచినీటి చేపలు, తాబేళ్లు, మొసలి, పక్షులు, అడవిదుంపలు, అత్తిజాతి పండ్లు, పుట్టతేనె తినిరి.

ఏడు వారముల పిమ్మట వారి శరీరముల బరువు సగటున 8 కిలోలు తగ్గెను. పరగడుపున రక్తములోని చక్కెర డెసిలీటరునకు సుమారు 209 మిల్లీగ్రాముల నుండి 119కి దిగెను. రక్తములోని ట్రైగ్లిసరైడులు మూడవ వంతునకు పడిపోయెను.

పేలియో పక్షమువారు దీనినంతటిని మాంసము మహిమగా చాటుదురు. శాస్త్రజ్ఞురాలు అట్లు చెప్పలేదు. బరువు తగ్గుట, ఆహారమున క్రొవ్వు స్వల్పమగుట, శరీరశ్రమ పెరుగుట, ఈ మూడును కలిసి పనిచేసినవని ఆమె వివరించెను. నదీతీరమున వారు తినినది దినమునకు మనిషి యొక్కనికి సుమారు 1,200 కెలొరీలు మాత్రమే. ఆ మాంసము అడవిమృగములది, క్రొవ్వు లేనిది. మనము అంగడిలో తూకము వేయించుకొను చర్మముతోడి కోడి అట్టిది కాదు. దుంప కావలెనన్న త్రవ్వవలెను. తేనె కావలెనన్న చెట్టు వెదకవలెను. వారి తిండిలోనే ప్రయాణము ఇమిడియున్నది. మనము భోజనపట్టికను మాత్రము తెచ్చుకొని, ప్రయాణమును ఆస్ట్రేలియాలోనే విడిచివచ్చితిమి.

మరియొక సంగతిని విడువరాదు. ఆ పదిమందిది రెండవ రకపు మధుమేహము. వారి క్లోమము ఇన్సులిన్‌ను పుట్టించుట మానలేదు. శరీరము దానిని మరల చక్కగా వినియోగించుకొనుట నేర్చినది, అంతే. మొదటి రకపు మధుమేహులకు ఆ యూట దాదాపు ఎండిపోయియుండును. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనబడుటకు ముందు ఆ వ్యాధి సోకిన బిడ్డలకు వైద్యులు పిండిపదార్థములు మాన్పించి, దాదాపు ఉపవాసముతోనే ప్రాణము నిలుపజూచిరి. బిడ్డలు ఎముకలగూళ్లై కొంతకాలము బ్రతికి పిమ్మట పోయెడివారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు తొలిసారిగా ఇన్సులిన్ సూది వేసిరి. అడవితిండి తినిన ఇన్సులిన్ మానవచ్చునని చెప్పువారు నేడును కలరు. వారు 1921కి పూర్వపు వైద్యమును మరల ఆచరింపుమనుచున్నారు.

ఇక మా ప్రయాణపు సంగతి. నల్లమలలో సలేశ్వరమను క్షేత్రమున్నది. చైత్రపూర్ణిమ నాళ్లలోనే, అదియు కొద్ది దినములే, యాత్రికులను అడవిలోనికి విడుతురు. బండ్లు ఆగిన చోటినుండి లోయలోనికి రాళ్లమీదుగా దిగి, లింగమయ్యను దర్శించి, అదే దారిని ఎక్కి రావలెను. కొన్ని యేండ్ల క్రిందట మేము ఆరుగురము పోతిమి. మాలో ముగ్గురు మధుమేహులు. ఒక మిత్రుడు మూడు వారములుగా పేలియో పథ్యములో నుండెను. అన్నము మానెను, రొట్టె మానెను. కాని అన్నము తినునాడు వైద్యుడు వ్రాసి యిచ్చిన గ్లిమిపిరైడ్ మాత్రను మాత్రము ఒక్క పూటయు తప్పక వేసికొనుచుండెను. అది క్లోమమును పిండి ఇన్సులిన్‌ను బయటికి తెప్పించు మాత్ర. యజమాని అన్నము తినినాడా, కొండ ఎక్కుచున్నాడా అని అది అడుగదు.

తిరుగుదారిలో ఎక్కుడు సగమైన వేళకు ఆయన మాటలు తడబడెను. ఎండకు అందరికిని చెమట పట్టినది గనుక ఆయన చెమటను మేము గుర్తింపలేదు. చేతులు వణకుచుండగా, ఇంటికి దారి ఇటు గాదా అని లోయవైపు చూపినప్పుడు గాని మాకు తెలివి రాలేదు. ఆయన సంచి విప్పితిమి. అందు ఉడికిన గ్రుడ్లు, బాదము గింజలు, ఎండుచేప! అన్నియు శ్రేష్ఠమైన తిండ్లే. కాని రక్తమున చక్కెర పడిపోయినప్పుడు అవి అక్కరకు రావు. మాంసకృత్తులును క్రొవ్వును జీర్ణమై చక్కెరగా మారుటకు గంటలు పట్టును, ఆయనకున్నవి నిమిషములు. మాలో తక్కిన ఇద్దరు మధుమేహులమును, తీపి మనకు శత్రువు గదా యని, ఒక్క చక్కెరపలుకైనను తెచ్చుకొనలేదు.

దారిప్రక్కన ఒక చెంచు అవ్వ యాత్రికులకు నీళ్లు పోయుచుండెను. ఆమెకు మధుమేహమన్న మాట తెలియునో లేదో, మనిషిని మాత్రము చూచినది. "బిడ్డా, ఈడ కూసో. ఈ బెల్లం నీళ్లు తాగు, పానం నిమ్మళమైతది" అని చెంబు అందించెను. పావుగంటలో ఆయన కన్నులలోనికి మనిషి తిరిగి వచ్చెను. మరల కొంత త్రాగించి, చేతనున్న అరటిపండ్లు తినిపించి, నెమ్మదిగా నడిపించుకొని వచ్చితిమి. ఆ అవ్వ పెద్దలు దుంపలు త్రవ్వి, తేనె తీసి, వేటాడి బ్రతికినవారు. చెంచుల ఆ జీవితమును హైమెన్‌డార్ఫ్ పండితుడు 1943లో వెలువడిన గ్రంథమున వర్ణించెను. ఆమె గుడిసె ముందు ఆనాడు ఉడుకుచున్నది చౌకదుకాణపు బియ్యము. నగరమువాడు అడవితిండి తినుచు అడవికి పోగా, అడవిబిడ్డ నగరపు తిండి వండుకొనుచుండెను. డెర్బీ ప్రజల కథ మాకు అచటనే జ్ఞప్తికి వచ్చెను.

తిండి మార్చదలచినవారు మందును మార్చుటకు ముందుగా వైద్యుని కడకు పోవలెను. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడువారు పిండిపదార్థములు తగ్గించినను, నడక హెచ్చించినను మోతాదును వైద్యుడు తగ్గింపవలసి రావచ్చును. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను క్రొత్త మాత్రలకు మరియొక పేచీ కలదు: పిండి బొత్తిగా మానినచో, చక్కెర ఎక్కువగా కనబడకయే రక్తము ఆమ్లమగు ప్రమాదము సంభవింపవచ్చును. కొండ ఎక్కిన నాటి రాత్రి నిద్రలో కూడ చక్కెర పడిపోవచ్చును. పండుకొనుటకు ముందు చూచుకొనవలెను. 70 మిల్లీగ్రాములకు దిగినచో 15 గ్రాముల గ్లూకోజు గాని, మూడు చెంచాల చక్కెర గాని తీసికొని, పావుగంటకు మరల చూచుకొనవలెను. తెలివి తప్పినవాని నోట మాత్రము ఏదియు పోయరాదు. వెంటనే వైద్యసహాయమునకు చేర్పవలెను.

భయపెట్టుటకు ఈ మాటలు చెప్పుట లేదు. 2006 మే నెలలో మొదటి రకపు మధుమేహము గల ఇద్దరు, ఆస్ట్రియా దేశస్థుడు గెరీ వింక్లర్, అమెరికా దేశస్థుడు విల్ క్రాస్, కొద్ది దినముల యెడముతో ఎవరెస్టు శిఖరమును చేరిరి. వింక్లర్ భూమిపై మిక్కిలి పల్లపు చోటైన మృతసముద్రపు తీరమున సైకిలెక్కి బయలుదేరినవాడు! అట్టి చలిలో ఇన్సులిన్ గడ్డకట్టిన ఇక పనికిరాదు. కావున దానిని ఒంటికి ఆనించి మోయవలెను. మన యెండలలో భయము తారుమారగును. కారు అద్దముల వెనుక వదలిన సీసా గంటలో చెడిపోవచ్చును. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ మన ప్రయాణికునకు మంచి తోడు.

పాదముల మాట కూడ చెప్పవలెను. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు. భక్తులు వట్టికాళ్లతో ఎక్కుదురు. మధుమేహమువలన పాదములలో స్పర్శ తగ్గినవానికి కాలిన రాయి తెలియదు, గ్రుచ్చుకొనిన ముల్లు తెలియదు. పుండై వాసన వచ్చినప్పుడే తెలియును. అట్టివారు వట్టికాళ్లతో ఎక్కరాదని మా మనవి. తక్కినవారు తెల్లవారకముందే ఎక్కి, ఆ సాయంకాలమే చేతి అద్దముతో అరికాళ్లను చూచుకొనవలెను.

మరుసటి చైత్రమున మా మిత్రుడు మరల సలేశ్వరమునకు వచ్చెను. వైద్యుడు మాత్రను సగము చేసెను. పథ్యమును ఆయన పూర్తిగా విడువలేదు; గ్రుడ్లు, ఆకుకూరలు, చేపలు నిలిచినవి, ఉడికించిన చిలగడదుంపయు మజ్జిగయు వచ్చి చేరినవి. చక్కెర చూచుకొను యంత్రము మెడలో వ్రేలాడుచుండెను, బెల్లపుముక్క చొక్కాజేబులో నుండెను. నీళ్ల చోట ఆ యేడు అవ్వ లేదు, మనుమరాలు పోయుచుండెను. ఆయన జేబులోని బెల్లమును విరిచి, సగము ఆ పిల్లచేతిలో పెట్టి, తక్కిన సగమును భద్రముగా మరల జేబులో నుంచుకొనెను.