అంకెలతో వినెడి రేడియో

(సంఘ యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బట్టల వర్తకుడు రేడియో యంత్రములను గూర్చి ఉపన్యసించుట యేమని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. నా చదువు పదవ తరగతితో నిలిచినది. కాని లెక్కలు మాత్రము ప్రతి దినమును వ్రాయుచున్నాను. నేడు నేను చెప్పబోవు రేడియో కేవలము లెక్కలతో నడచునది గావున నాకును కొంత అధికారము గలదని తలచుచున్నాను.

మన గ్రంథాలయమునందలి పాత రేడియో పెట్టెను పెద్దలందరు నెరుగుదురు. నా చిన్నతనమున సాయంకాలము దానిచుట్టు చేరి విశాఖపట్టణపు తెలుగు కార్యక్రమములు వినెడివారము. అది చెడినప్పుడు బాగుచేయువాడు మూత విప్పి, ఇదిగో ఇది కాలినదని వ్రేలితో చూపెడివాడు. కొన్ని యేండ్ల క్రిందట సంఘము ధనము వెచ్చించి కొనిన క్రొత్త సాధనమున అట్టి సదుపాయము లేదు. దానితో వచ్చిన ప్రోగ్రాము క్రొత్త కంప్యూటరుపై నడువలేదు. అమ్మినవారి నడుగగా వేరొకటి కొనుడనిరి. ప్రోగ్రాము మూలము వారు మనకిచ్చి యుండలేదు. కావున ఆ సాధనము నేటికిని బీరువాలోనే యున్నది. కోశాధికారిగారు దానిని జూచినప్పుడెల్ల నా వంక చూతురు.

ఇట్టి స్థితిలో మన సభ్యుడగు ఒక యువకుడు బొటనవ్రేలంత యున్న యు.ఎస్.బి. పుల్లను నా దుకాణమునకు తెచ్చెను. అది మొదట టెలివిజను చూచుటకై చేయబడినది. దానిలో రియల్‌టెక్ సంస్థవారి ఆర్.టి.ఎల్.2832యు అను చిప్పు గలదు. ఎఫ్.ఎం. రేడియో వినిపించు సందర్భమున ఈ చిప్పు ధ్వనిని తయారు చేయక, తాను గ్రహించిన తరంగమును ముడి అంకెలుగా కంప్యూటరునకు పంపివేయుచున్నదని ఫిన్లాండు దేశీయుడగు ఆంటీ పలోసారి 2012లో గుర్తించెను. స్టీవ్ మార్క్‌గ్రాఫ్ మొదలగు ఓస్మోకామ్ బృందమువారు ఆ యంకెలను తీసికొనుటకు ఆర్.టి.ఎల్.-ఎస్.డి.ఆర్. అను ప్రోగ్రామును వ్రాసి, మూలముతో సహా లోకమునకు విడిచిరి. కొలది రూపాయల టెలివిజను పుల్ల రేడియోగా మారినది.

దీని పని యిట్టిది. సెకనుకు 24 లక్షల జతల అంకెలు కంప్యూటరు లోనికి వచ్చును. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 లోపుగా నుండును. అనగా సెకనుకు 48 లక్షల పద్దులు! పాత పెట్టెలో తీగచుట్టయు కండెన్సరును చేసిన యెంపికను ఇచ్చట గుణకార సంకలనములు చేయును. ఒక జతకును దాని తరువాతి జతకును గల కోణభేదమును లెక్కించినచో ఎఫ్.ఎం. ధ్వని బయల్పడును. ఆర్820టి అను ట్యూనరు గల పుల్ల సుమారు 24 మొదలు 1,766 మెగాహెర్ట్జుల వరకు అందుకొనును. పెద్దలు కోరిన మీడియం వేవు కేంద్రములు మాత్రము దీనికి నేరుగా నందవు. వానికి వేరొక పరికరము జోడింపవలెను. ఈ మాట ముందే చెప్పుట మేలు.

ఇక లినక్స్‌పై దీనిని కట్టుకొను విధము. గిట్ అను సాధనముచే మూలపు ప్రతిని తెచ్చుకొనవలెను. సీమేక్ అనునది కావలసిన సామగ్రి యున్నదో లేదో చూచును. లిబ్‌యు.ఎస్.బి. యొక్క మూల దస్త్రములు లేకున్న అచ్చటనే ఆపివేయును. పిదప మేక్ అన్నచో మూలము నడువదగిన ప్రోగ్రామగును. మేము ఇంతవరకు సులభముగనే వచ్చితిమి. అయినను పుల్ల పలుకలేదు. రెండు సాయంకాలములు వ్యర్థమైనవి. తుదకు తెలిసినదేమనగా, లినక్స్ కెర్నెల్ ఆ పుల్లను చూడగనే టెలివిజను అనుకొని, తన టెలివిజను డ్రైవరునకు అప్పగించుచున్నది. ఆ డ్రైవరు పేరును నిషేధ పట్టికలో వ్రాసిన పిదప పుల్ల మన వశమైనది.

ఊరి ఎఫ్.ఎం. వినబడగనే అందరును సంతోషించిరి. ఒక్క వృద్ధుడు మాత్రము, సంగీతము తెలిసినవాడు, వయొలిన్ మొద్దుబారినట్లున్నదనెను. శకార సకారములును మసకగా నుండెను. ఎఫ్.ఎం. ప్రసారకులు హెచ్చు స్వరములను ముందే పెంచి పంపుదురు. దారిలో చేరు రొద అచ్చటనే యెక్కువ గనుక, వినువారు ఆ స్వరములను తిరిగి తగ్గించినచో రొదయు తగ్గును. ఈ హెచ్చుతగ్గుల కొలత అమెరికాలో 75 మైక్రోసెకనులు. మన దేశమునను ఐరోపాలోను 50. మేము తెచ్చుకొనిన మూలమునందు, ఆర్.టి.ఎల్._ఎఫ్.ఎం. అను భాగములో, 75 అని స్థిరముగా వ్రాసియుండెను. 50 పెంచి పంపిన దానిని 75 తగ్గించుచున్నదన్నమాట! కొందరి వాడుకను అందరి వాడుకగా వ్రాసినచో నేమగునో మనవంటి అల్పసంఖ్యాకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

యువకుడు 75ను కొట్టివేసి 50 వ్రాసి మరల కట్టెను. వయొలిన్ తేటపడినది. కాని రెండు మాసములకు మూలపు క్రొత్త ప్రతిని వేరొక చోట తెచ్చి కట్టగా వయొలిన్ మరల మొద్దుబారెను. అతని దిద్దుబాటు అతని పాత కంప్యూటరులోనే మిగిలిపోయినది. దీనిని మూలకర్తలకే పంపవలెనని నేనంటిని. తన ఇంగ్లీషు చాలదని అతడు వెనుదీసెను. పైగా 50 అని మార్చి పంపినచో అమెరికావారి వయొలిన్ కీచుమనును గదా! కావున వినువాడే తన దేశపు కొలతను ఎన్నుకొనునట్లు వ్రాయవలసి వచ్చినది. ఒక యంకె మార్చుటకు పట్టినది నాలుగు నిమిషములు, ఈ యెంపికను చేర్చుటకు మూడు ఆదివారములు.

పిదప మేమిరువురమును నిఘంటువు ముందుంచుకొని లేఖ వ్రాసితిమి. ఏ ప్రతి, ఏ కంప్యూటరు, ఏమి వినబడినది, ఏ పంక్తి మార్చితిమి, అమెరికా కొలత ఎట్లు చెడక యున్నది, ఇంతే. పొగడ్తలన్నియు నేనే కొట్టివేసితిని. సరకు లోపమును వ్రాయు వర్తకునకు ఆ యలవాటు గలదు. ప్రత్యుత్తరమింకను రాలేదు. వారును తీరిక వేళలలో పనిచేయువారే. వారు స్వీకరింపకున్నను, మన ప్రతిని మనముంచుకొనుటకును, మూలముతో సహా ఇతరులకిచ్చుటకును జి.పి.ఎల్. అను అనుమతి పత్రము హక్కు నిచ్చుచున్నది.

సంఘము రెండు పుల్లలు కొనుటకు కార్యవర్గము అంగీకరించినది. కోశాధికారిగారు మొదట ఒక్కటియే చాలుననిరి. రెండవదాని వెల నేనిత్తునన్న పిమ్మట సమ్మతించిరి. వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు గ్రంథాలయమున కలిసికొందము. పాత కంప్యూటరైనను తెండు. ఆడపిల్లలును రావలెను. కట్టు విధమును తెలుగున వ్రాయు పని మొదలుపెట్టినాము. కెర్నెల్ నిషేధ పట్టిక వద్ద ఆగియున్నది.