తాత క్షవరం కత్తికి మళ్ళీ పదును: ఇంట్లో ఉన్న వస్తువులతోనే

ఈ రోజు నా చేతిలో రెండు క్షవరం కత్తులు ఉన్నాయి. ఇప్పుడు సెలూన్లలో బ్లేడు దూర్చి వాడే రకం కాదు. కత్తికే పదును ఉండే పాత మడత కత్తులు. రెండూ మా తాతవి. చిత్తూరు దగ్గర పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షవరం చేసేవాడు. ఆయన పొదిని అవ్వ అట్లే దాచిపెట్టింది. పోయిన సంక్రాంతికి ఊరికి పోతే తీసి నా చేతికిచ్చింది.

కెమెరాకి దగ్గరగా పెడతా, చూడండి. మొదటి కత్తి అంచు మీద నీలం మచ్చ ఉంది కదా? అది తుప్పు కాదు, నేను చేసిన తప్పు. తుప్పు తొందరగా పోవాలని డ్రిల్ మిషన్‌కి సాన చక్రం తగిలించి ఆనించా. మూడు సెకన్లు కూడా పట్టలేదు. ఉక్కు అట్ల నీలం తిరిగిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని అర్థం. దాంతో గట్టిదనం పోతుంది. ఇంక ఎంత నూరినా పదును నిలవదు. అవ్వ తిట్టలేదు. "ఇంగొకటి ఉంది కదా, దాన్నన్నా నిదానంగా చెయ్" అనింది. ఈ వీడియో ఆ రెండో కత్తి గురించి. మిషన్ ఏదీ లేదు, మొత్తం ఖర్చు 300 రూపాయల లోపే.

మొదట తుప్పు. కుట్టు మిషన్ నూనె పూసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున పుల్ల ఐస్ పుల్లకి 1000 నంబర్ వాటర్ ఎమరీ పేపర్ అంటించి రుద్దండి, తర్వాత 2000. పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. ఎప్పుడూ వీపు వైపు నుంచి అంచు వైపుకే చెయ్యి పోవాలి, అంచుకి ఎదురు పోతే వేలు తెగుతుంది. చివర్లో తెల్ల టూత్‌పేస్ట్, పాత గుడ్డ. పని ఆపినప్పుడల్లా స్టిక్ ఫైల్‌కి ఉండే ప్లాస్టిక్ పట్టీని అంచుకి తొడగండి. కత్తిని ఉడికించొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. పాత పిడి సెల్యులాయిడ్‌ది అయితే ఇట్టే అంటుకుంటుంది. నల్ల గుంతలు మధ్యలో ఉంటే వదిలేయండి. అంచు మీదే ఉంటే మాత్రం ఆ కత్తి బాగవడం కష్టం.

రెండోది రాయి. పొదిలో తాత నూరిన రాయి కూడా ఉంది. ఏళ్ళ తరబడి వాడి మధ్యలో రోంత గుంతపడింది. గుంత రాయి మీద అంచు సరిగా ఆనదు. దీనికి మన జిల్లాలోనే మందు ఉంది. కుప్పం వైపు గ్రానైట్ గురించి తెలుసు కదా? ఇల్లు కడుతున్న చోట అడిగితే పాలిష్ పట్టిన ముక్క ఊరికే ఇస్తారు. దాని మీద 220 నంబర్ ఎమరీ పేపర్ తడిపి పరిచా. రాయి మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి రుద్దా. గీతలన్నీ చెరిగిపోతే రాయి చదునైనట్టు. నాకు గంటన్నర పట్టింది.

ఇప్పుడు నూరడం. కోణం ఎంత పెట్టాలన్నా అని చాలామంది అడిగారు. మనం పెట్టాల్సిన పని లేదబ్బా, ఈ కత్తి తయారీలోనే ఆ తెలివి ఉంది. వీపు, అంచు రెండూ రాయికి ఆనేటట్టు పడుకోబెడితే కోణం అదే వస్తుంది. వీపు అరగకుండా ఒక పొర ఇన్సులేషన్ టేప్ అంటించండి. రాయి తడిగా ఉండాలి, అంచు ముందుకు పోవాలి, నొక్కకూడదు. తిప్పేటప్పుడు వీపు మీదుగా తిప్పాలి.

రాయి అంచంతా తాకుతోందో లేదో ఎట్ల తెలుస్తుంది? అంచు పొడవునా పర్మనెంట్ మార్కర్ పూసి, మెల్లగా ఒక్కసారి లాగండి. రంగు ఎక్కడ మిగిలిందో అక్కడ రాయి తాకలేదు. నేను కోడ్‌లో బగ్ వెతికినట్టే, ఊహించకుండా చూసి దిద్దుకోవడం. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పెట్టినా బాగా కనిపిస్తుంది. మొద్దుగా ఉన్నచోట వెలుగు సన్న గీతలా మెరుస్తుంది, పదునున్న అంచు మెరవదు.

తర్వాత అదే గ్రానైట్ మీద 3000, 5000, 7000 పేపర్లు తడిపి వరసగా. కాగితం మీద మాత్రం వీపు ముందు పోవాలి, లేకుంటే కాగితం తెగుతుంది. చివరికి నిజమైన తోలు బెల్టు. రెక్సిన్ పనికిరాదు. కిటికీ గ్రిల్‌కి కట్టి బిగించి పట్టుకుని, వీపు ముందుగా యాభై సార్లు. చేతి వెంట్రుకలు నొక్కకుండానే తెగితే పని అయినట్టు. వేలితో మాత్రం చూడొద్దు.

ఇంట్లో పాత బ్లేడు రేజర్ ఉంటే అది ఇంకా సులభం. బ్లేడు తీసేసి సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు. బోరు నీళ్ళ తెల్ల పొర ఉంటే నీళ్ళు కలిపిన నిమ్మరసం, అయిదు నిమిషాలే. ఎక్కువసేపు ఉంచితే పైపూత పోతుంది.

ఒక్క మాట సీరియస్‌గా. మెరిసినంత మాత్రాన కత్తి శుభ్రమైనట్టు కాదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. తాతల కాలంలో ఊరంతటికీ ఒకే కత్తి. తిరుమల కల్యాణకట్టలో ఇప్పుడు మనిషికో కొత్త బ్లేడు వాడేది అందుకే. బాగుచేసిన కత్తి ఒక్కరే వాడాలి. స్నేహితుడికి కూడా ఇవ్వొద్దు.

ఈ కత్తికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. తీసుకుపోయి అవ్వకిచ్చా. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, నూనె గుడ్డలో చుట్టి మళ్ళీ పొదిలో పెట్టేసింది. నీలం మచ్చ కత్తి మాత్రం నా టేబుల్ మీదే ఉంది, డ్రిల్ మిషన్ పక్కనే.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పాత సామాను ఉంటే, పని మొదలుపెట్టే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఏముందో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా మరి.