ఎడారిలో మన జవాన్లు

చిల్లకల్లు, జగ్గయ్యపేట మెట్ట ఊళ్ల ఎండ ఎరిగినవాళ్లకు ఎడారి వేడి గురించి చెప్పక్కర్లేదు. అక్కడ రాత్రి చలి మాత్రం వేరే సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు వెళ్లిన నాలుగో భారత డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ (సైనిక ఇంజనీర్లు) కంపెనీలూ ఉన్నాయి. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఆ దళంలో తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు కలిసి పనిచేసేవారు.

అన్నంలో ఇసుక, కళ్లల్లో ఇసుక. మొహం కడిగిన నీళ్లు కూడా పారబోసేవారు కాదు, లారీ రేడియేటర్‌కి దాచేవారు. చెట్టూ పుట్టా కనిపించని చోట ఎండలో పడే నీడను బట్టి దారి పట్టడం నేర్చుకోవాలి. మందుపాతర వెతకాలంటే బాయినెట్‌ను ఏటవాలుగా, మెల్లగా ఇసుకలో గుచ్చాలి. నిటారుగా దించారా, అంతే సంగతులు!

1940 నవంబరు చివర్లో ఈజిప్టులోని మెర్సా మాత్రూ దగ్గర పెద్ద కసరత్తు జరిగింది. శత్రువైన ఇటలీ సైన్యం శిబిరాల ఆకారాన్ని నేలమీద గుర్తులతో గీసి, వాటిమీద దాడి చేయించారు. ఎందుకో జవాన్లకు చెప్పలేదు. డిసెంబరులో మళ్లీ బయల్దేరాక గానీ ఈసారి నిజమైన యుద్ధమని తెలియలేదు. 9వ తేదీ ఉదయమే ఇటలీవాళ్ల నిబేవా శిబిరం పడిపోయింది, ఆ వెంటనే సిదీ బర్రానీ. ఎడారిలో ఇంత తర్ఫీదు ఇచ్చిన ఆ డివిజన్‌నే తీసుకెళ్లి ఎరిత్రియా కొండలెక్కించారు!