చూడని చోట చూసుకోండి

హైదరాబాద్ పుప్పాలగూడలో ఇప్పుడు ఎటు చూసినా క్రేన్లే. ఎర్రటి ఎండలో చువ్వలు కట్టే కూలీలను చూసి, ఇంతెండకు చర్మ క్యాన్సర్ రాదా అని అడిగేవాళ్లున్నారు. మన చర్మంలోని మెలనిన్ ఎండను చాలావరకు ఆపుతుంది. అందుకే ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లకు వచ్చినంతగా మనకు రాదు. ఆ ధీమాతోనే మనం చూడాల్సిన చోట చూడం.

చర్మ క్యాన్సర్లలో మెలనోమా ప్రమాదకరమైనది. మనలాంటి చామనఛాయ వాళ్లకు అది ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాల్లో, అరచేతిలో, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలికి బయటపడింది. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. దెబ్బకు నల్లబడిన గోరైతే, గోరు పెరిగేకొద్దీ ఆ నలుపు ముందుకు జరిగి పోతుంది. జరగకుండా వెడల్పవుతూ, పక్క చర్మంలోకి పాకిందంటే డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక ఆడవాళ్లకు. చీర కింద లంగా బొందు ఏళ్ల తరబడి ఒకేచోట బిగిస్తే నడుము చుట్టూ నల్లటి చార పడుతుంది. చెమటకు ఒరుసుకుని దురద, పొట్టు. టవర్లలో పనికి పోయే అక్కలు ఇంకా బిగించి కడతారు, పనిలో జారకూడదు కదా! ఆ ఒరుపులో పడ్డ పుండు మానకపోతే, అరుదుగానైనా, క్యాన్సర్‌గా మారుతుంది. ధోవతి కట్టు దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి బొంబాయి వైద్యుడు ఖానోల్కర్ 1945లోనే రాశారు. 2024లో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు లంగా బొందు దగ్గర ఇలాంటి క్యాన్సర్ వచ్చిన ఇద్దరు పెద్దావిడల సంగతి ప్రచురించారు. ఒకావిడ ఏడాదిన్నర ఆ పుండుతోనే గడిపింది. చీర మానెయ్యమనడం లేదు. బొందు వదులు చేయండి, సన్నతాడు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోండి.

చిన్నప్పుడు కాలిన మచ్చ ముప్పై ఏళ్లకు పగిలి పుండైనా అనుమానించాలి. పసుపు అద్ది, పసరు పూసి, "నొప్పి లేదుగా" అంటారు. తొలిదశలో చాలావాటికి నొప్పే ఉండదు.

నెల దాటినా మానని పుండు, రంగో అంచో మారిన పుట్టుమచ్చ ఉంటే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది ఉత్త అపోహ. క్యాన్సరని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తొలిదశలోనైతే చాలామందికి కోసి తీసేయడంతోనే నయమవుతుంది.

పెద్దవాళ్లు వంగి తమ అరికాళ్లు చూసుకోలేరు. ఈ ఆదివారం అమ్మవీ నాన్నవీ మీరే చూడండి, వేళ్ల సందులతో సహా.