ఖాళీ లేదన్న అబద్ధం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన జీవితమంతా వకీలుగానే గడిపారు. కనుక సాక్ష్యం గురించి మాట్లాడటం సబబనిపించింది. అద్దె ఇంటి దగ్గర జరిగే వివక్షకు సాక్ష్యం ఎలా సంపాదించాలో కనిపెట్టిన వాళ్లలో ఒక చిన్న సంస్థ ఉంది. దాని సంగతి చెబుతాను.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి రాజధాని రిచ్‌మండ్. అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ రాష్ట్రాలకూ అదే రాజధాని. అక్కడ 1971లో ‘హౌసింగ్ ఆపర్చునిటీస్ మేడ్ ఈక్వల్’ అనే సంస్థ పుట్టింది. అందరూ ‘హోమ్’ అంటారు. అప్పటికి చట్టం వచ్చి మూడేళ్లు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగితే, వారం తిరిగేసరికి, 11వ తేదీన, అధ్యక్షుడు జాన్సన్ ఫెయిర్ హౌసింగ్ చట్టంపై సంతకం చేశాడు. జాతి, రంగు, మతం, దేశమూలం చూసి ఇల్లు అమ్మననీ అద్దెకివ్వననీ అనకూడదు. చట్టం బాగానే ఉంది గానీ కోరలు లేవు. 1988లో సవరించేదాకా గృహనిర్మాణ శాఖ రాజీ కుదర్చడానికి ప్రయత్నించగలిగేదే తప్ప దండించలేకపోయింది. సామాన్యుడు తన పోరు తానే పోరాడాలి. తనకు అన్యాయం జరిగిందని తెలిస్తే గదా!

చట్టం వచ్చాక ఎవరూ మొహం మీద తలుపు వేయరు. “అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ” అని నవ్వుతూ చెబుతారు. విన్న మనిషి నమ్మి, మరో వీధిలో వెతుక్కుంటాడు.

ఈ అబద్ధాన్ని పట్టుకోవడానికి హోమ్ ఇద్దరేసి మనుషుల్ని పంపేది. ఒకరు నల్లవారు, ఒకరు తెల్లవారు. వీళ్లను టెస్టర్లంటారు. ఇలాంటి పరీక్షలో జీతం, ఉద్యోగం, కుటుంబం గురించి ఇద్దరూ చెప్పుకునే వివరాలు సరితూగేలా చూస్తారు. తేడా రంగు ఒక్కటే. ఒకరి వెనక ఒకరు వెళ్లి అడుగుతారు, ఎదుటివాళ్లు ఏమన్నారో అన్నది అన్నట్టు రాసిస్తారు. సొంత అభిప్రాయం కలపకూడదు. ఏ కాగితానికి ఆ కాగితం విడిగా చదివితే అందులో ఏ పాపమూ కనబడదు. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే దొంగ దొరుకుతాడు.

1978 మార్చిలో, మళ్లీ జులైలో, రిచ్‌మండ్‌ను ఆనుకున్న హెన్రైకో కౌంటీలో హేవెన్స్ రియల్టీ అనే కంపెనీ అపార్ట్‌మెంట్ల దగ్గర ఇదే జరిగింది. కోల్మన్ అనే నల్లజాతి మహిళకు ఖాళీ లేదన్నారు. తెల్లజాతి టెస్టర్‌కు ఉందన్నారు. ఆ టెస్టర్లతో కలిసి హోమ్ దావా వేసింది. కంపెనీ వాదన వినండి: వీళ్లకసలు ఇల్లే అక్కర్లేదు, ఊరికే అడగడానికి వచ్చారు, ఇక వీళ్లకు జరిగిన నష్టమేమిటి?

తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది. మన కోర్టులో అయినా మొదట అదే అడుగుతారు. 1982 ఫిబ్రవరి 24న అమెరికా సుప్రీంకోర్టు జవాబిచ్చింది. జస్టిస్ బ్రెన్నన్ రాసిన ఆ తీర్పుతో న్యాయమూర్తులందరూ ఏకీభవించారు. ఖాళీ ఉందో లేదో నిజం తెలుసుకునే హక్కును చట్టం ఇల్లు కావలసినవాళ్లకే పరిమితం చేయలేదు, అందరికీ ఇచ్చింది. అబద్ధం విన్న కోల్మన్‌కు ఆ హక్కు భంగమైంది. నిజం విన్న తెల్లజాతి టెస్టర్‌కు ఆ కారణం చెల్లదు. ఎంత నిక్కచ్చి లెక్కో చూడండి! ఈ వివక్ష వల్ల ఇళ్లు వెతికిపెట్టే తన పని దెబ్బతిని, వనరులు ఖర్చయిపోతే, ఆ నష్టానికి సంస్థే స్వయంగా దావా వేయవచ్చని కూడా కోర్టు చెప్పింది. గెలిస్తే వాదులకు ఒక్కొక్కరికి 400 డాలర్లు ఇచ్చేట్టు ముందే ఒప్పందం కుదిరిపోయింది. డబ్బు కోసం ఎవరూ ఢిల్లీకో వాషింగ్టన్‌కో పోయి అంత దూరం పోరాడరు.

తర్వాత ఇదే పద్ధతిని హోమ్ ఇళ్ల బీమా మీదికీ తిప్పింది. నేషన్‌వైడ్ కంపెనీపై 1998లో జ్యూరీ 10 కోట్ల డాలర్లకు పైగా విధిస్తే, పైకోర్టు కొట్టేసింది. చివరికి 2000లో రాజీ అయింది. 1982 నాటి తీర్పుకూ ఇప్పుడు మునుపటి బలం లేదు. అది అరుదైన కేసని, దాన్ని ఆ సందర్భం దాటి విస్తరించకుండా జాగ్రత్తపడుతూ వచ్చామని 2024లో అదే సుప్రీంకోర్టు మరో వివాదంలో వ్యాఖ్యానించింది.

మన సంగతికి వస్తాను. ఇక్కడ అబద్ధమాడే శ్రమ కూడా అక్కర్లేదు. టు-లెట్ బోర్డు మీదే ‘శాకాహారులకు మాత్రమే’ అని రాస్తారు. ఫోన్ చేస్తే పేరడుగుతారు, పేరులో తేలకపోతే ఇంటిపేరు, అదీ చాలకపోతే “మీరేమిటోళ్లు?” రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావుల పేరెత్తింది గాని అద్దె ఇంటి పేరెత్తలేదు. ఒక హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చని 2005లో మన సుప్రీంకోర్టు చెప్పింది. నా ఉద్దేశంలో ఆ తీర్పు సంఘ స్వేచ్ఛను కాపాడబోయి ఇల్లు దొరకనివాణ్ని మరిచిపోయింది.

అయితే టెస్టర్ల పద్ధతి మనకు కొత్త కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల ఇదే తీరున పరీక్షించి 2015లో ప్రచురించారు. దళితులకు తిరస్కారం ఎదురైంది, ముస్లింలకు ఇంకా ఎక్కువగా ఎదురైంది.

ఈ సభలో న్యాయ విద్యార్థులున్నారు. హైదరాబాద్‌లో ఒక కాలనీ, విజయవాడలో ఒక కాలనీ తీసుకుని, ఇద్దరిద్దరుగా వెళ్లి అడగండి, విన్నది విన్నట్టు రాయండి. అద్దె ఇళ్లకు వర్తించే చట్టం కావాలని శాసనసభ్యుల్ని అడగబోయేవాళ్ల చేతిలో ముందు ఆ కాగితాలుండాలి. ఈ ట్రస్టు ఇచ్చే ఏటి బహుమతిని వచ్చే ఏడు ఆ పనికే కేటాయించవలసిందని నిర్వాహకులను కోరుతున్నాను.