రెండు ఆటలు, పన్నెండవ పేరు

(వాడపల్లి యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సందర్భమున ఏదైనా మాట్లాడమని మమ్ములను అడిగినారు. సంఘ చరిత్ర చెప్పుటకు మాకంటె పెద్దలు ఉన్నారు. అందుచేత మాకు తెలిసిన ఆటల సంగతే చెప్పుతామన్నాము. మేము అనగా, ఈ చర్చి ఆవరణలో సాయంత్రము నెట్టు కట్టి, చీకటి పడిన తరువాత విప్పే నలుగురము. మా అర్హత అంతే.

ఈ నెట్టుకు, చర్చికి సంబంధమేమని అప్పుడప్పుడు కొందరు పెద్దలు మమ్ములను అడుగుచుందురు. సంబంధము ఉన్నది. వాలీబాల్ ఆటను 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణములో కనిపెట్టిన విలియం మోర్గన్ గారు వై.ఎం.సి.ఎ.లో వ్యాయామ శిక్షకులు. మన దేశమునకు ఆ ఆటను తెచ్చినవారు కూడ వై.ఎం.సి.ఎ. వారే. మద్రాసులో 1920లో హారీ బక్ దొరగారు వై.ఎం.సి.ఎ. తరపున వ్యాయామ విద్యా కళాశాల స్థాపించినారు. ఇక చెడుగుడు మనదే. కృష్ణ, మూసీ కలిసే ఈ సంగమపు ఇసుకలో మన తాతలు ఆడినదే. అందుచేత మన పిల్లలకు రెండు ఆటలూ పుట్టుకతో వచ్చినవి. చర్చి దగ్గర వాలీబాల్, ఏటి ఒడ్డున కబడ్డి. ఊరిలో ఉన్నంతకాలము ఏ ఆట నీదని వారిని ఎవరూ అడగరు.

అడిగేది కళాశాలలో. మన పిల్లలు మిర్యాలగూడకో, కోదాడకో, సూర్యాపేటకో డిగ్రీకి వెళ్ళుదురు. కళాశాలలో జట్టు, ఆ పైన విశ్వవిద్యాలయపు జట్టు. ఒకప్పుడు ఇవన్నీ ఉస్మానియా క్రింద ఉండేవి. 2007లో నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత దాని క్రిందికి వచ్చినవి. కబడ్డిలో ఏడుగురు మైదానములో ఉందురు, అయిదుగురు బయట. వాలీబాల్‌లో ఆరుగురు లోపల, ఆరుగురు బయట. ఏ ఆటకు వెళ్ళినా కాగితము మీద పన్నెండు పేర్లే. పదమూడవ పేరుకు చోటు లేదు. విశ్వవిద్యాలయము తరపున ఆడినవానికి ధ్రువపత్రము వచ్చును, దానికి క్రీడాకారుల కోటాలో విలువ ఉన్నది. పదమూడవ వానికి ఏమియు లేదు. అతడు కూడ అన్ని దినములు పరుగెత్తినవాడే.

గడచిన సంవత్సరము మన సంఘపు పిల్లవాడొకడు ఈ చిక్కులో పడినాడు. పేరు చెప్పము, ఇక్కడనే ఉన్నాడు. కబడ్డిలో మంచి రైడరు. వాలీబాల్‌లో ఎగిరి కొట్టినాడంటే బంతి అవతలి గీత దగ్గర మన్ను లేపవలసినదే. రెండు ఆటల ఎంపికలు ఒకే వారములో వచ్చినవి. వాలీబాల్ వారు ప్రతి సాయంత్రము రమ్మన్నారు, కబడ్డి వారు ప్రతి ఉదయము రమ్మన్నారు. తెల్లవారక ముందు బస్సు, రాత్రికి బస్సు, నడుమ తరగతులు. మూడవ వారములో నెట్టు దగ్గర అడ్డుకొనబోయి కుడిచేతి వేలు తొలగినది. వేలు తొలగినవాడు రైడరు మడమ ఎట్లు పట్టగలడు? కబడ్డి జాబితాలో అతని పేరు పన్నెండవదిగా మిగిలినది, వాలీబాల్ జాబితాలో లేనే లేదు. ఏడాదంతా జట్టుతో ఊరూరు తిరిగి, పెట్టెలు మోసి, ఒక్క ఆటలో కొన్ని నిమిషములు దిగినాడు. హాజరు తగ్గి పరీక్ష ఫీజు దగ్గర మరొక తంటా. ఇంటిలోనేమో, రెండు పడవల మీద కాళ్ళు పెట్టితివి, అనుభవించుమన్నారు. ఏటి ఒడ్డు ఊరిలో ఆ సామెత ఊరికే రాదు, మేమూ ఒప్పుకొందుము. అయితే మొదటి తప్పు మాదే. ఎంపికలు ముంచుకొని రాకముందే అతనిని కూర్చుండబెట్టి మాట్లాడవలసినది, మాట్లాడలేదు.

అప్పుడు మేము అతనికి చెప్పిన రెండు కథలే మీకు చెప్పవలెనని వచ్చినాము.

మొదటిది మన తెలుగువాని కథ. మద్రాసు క్రికెట్టుకు తండ్రివంటివారని పేరున్న బుచ్చిబాబు నాయుడు గారి కుమారుడు కోటా రామస్వామి గారు, 1896లో పుట్టినారు. కేంబ్రిడ్జిలో చదువుకొనుచు టెన్నిసులో ఆ విశ్వవిద్యాలయమునకు ఆడినారు. 1922లో డేవిస్ కప్పులో డాక్టర్ ఫైజీ గారితో జతగా భారతదేశమునకు ఆడినారు. క్రికెట్టు మాత్రము విడువలేదు. టెస్టు జట్టులో చోటు ఎప్పుడు దొరికినదో తెలియునా? 1936లో, నలభై యేండ్లు నిండిన తరువాత! ఆ యేట ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు మన విజయనగరం మహారాజకుమార్. లార్డ్స్‌లో జరిగిన మొదటి టెస్టులో రామస్వామి గారికి చోటు లేదు. మాంచెస్టరులో రెండవ టెస్టుకు పిలిచినారు. ఎడమచేతి వాటముతో 40, 60 పరుగులు చేసినారు. ఓవల్‌లో 29, ఆ తరువాత ఔటుకాక 41. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56 పైమాట. అంతటితో సరి. పది సంవత్సరముల వరకు, 1946 దాక, భారతదేశము మరల టెస్టు ఆడలేదు. తన స్వీయచరిత్రకు ఆయన తనను తాను ఆటల వ్యసనపరుడని చెప్పుకొనే పేరే పెట్టుకొన్నారు. వృద్ధాప్యములో, 1985 అక్టోబరులో, ఇల్లు విడిచి వెళ్ళి మరల ఎవరికీ కనబడలేదు. ఈ ముక్క మేము పిల్లవానికి చెప్పలేదు, మీకు చెప్పుచున్నాము.

రెండవది అదే ఓడలో వెళ్ళినవారి కథ. మద్రాసువారే, ఎం.జె. గోపాలన్ గారు. ఫాస్టు బౌలరు. 1934 నవంబరు 4న చేపాకులో రంజీ ట్రోఫీలోకెల్లా మొట్టమొదటి బంతి వేసినవారు ఆయనే. అదే సంవత్సరము జనవరిలో కలకత్తాలో ఇంగ్లండు మీద టెస్టు ఆడినారు. హాకీలోనూ అంతటివారే. 1935లో ధ్యాన్‌చంద్ గారితో కలిసి న్యూజిలాండు పర్యటనకు వెళ్ళినారు. 1936 వచ్చేసరికి ఒకవైపు బెర్లిన్ ఒలింపిక్సు, ఒకవైపు ఇంగ్లండు క్రికెట్టు పర్యటన. రెంటికీ వెళ్ళుటకు వీలు లేదు. ఆయన క్రికెట్టును ఎన్నుకొన్నారు.

మూడు టెస్టులలో ఒక్కదానిలోనూ ఆయనను ఆడించలేదు. ఆగస్టు 15వ తేదీన ఓవల్‌లో మూడవ టెస్టు మొదలైనది. పదకొండుగురిలో రామస్వామి గారు ఉన్నారు, గోపాలన్ గారు లేరు. సరిగా ఆ దినమే, వానవలన ఒక దినము ఆలస్యమై, బెర్లినులో హాకీ ఆఖరి ఆట జరిగినది. మనవారు జర్మనీని 8–1 గోళ్ళతో ఓడించి బంగారు పతకము తెచ్చినారు. ఆ సాయంత్రము ఆ మనిషి మనస్సు ఎట్లున్నదో మేము చాలసార్లు అనుకొన్నాము. ఆ తరువాత ఆయనకు మరొక టెస్టు రాలేదు. అయినను మద్రాసుకు చాల యేండ్లు ఆడినారు. మద్రాసు, సిలోను జట్ల నడుమ ఆయన పేరుతోనే ట్రోఫీ పెట్టినారు. 2003లో, మిక్కిలి ముసలితనములో, కన్నుమూసినారు.

ఒకే ఓడ, ఒకే జట్టు. ఇద్దరూ రెండేసి ఆటలవారే. నలభై దాటినవానికి తలుపు తెరుచుకొన్నది, యువకునికి మూసుకొన్నది. గోపాలన్ గారు ఎన్నుకొన్నది తప్పా? ఏప్రిలులో నిలబడి చూచినప్పుడు తప్పు కాదు. ఆగస్టులో నిలబడి చూచేవారికే అది తప్పుగా కనబడును. మన ఇండ్లలో పిల్లల మీద తీర్పు చెప్పేవారందరము ఆగస్టులో నిలబడి చెప్పుచున్నాము.

ఎరిక్ లిడెల్ గారిని గూర్చి కూడ ఒక మాట. 1924లో పారిసులో ఆదివారమున పరుగెత్తనని వంద మీటర్ల పందెము విడిచి, 400 మీటర్లలో 47.6 సెకండ్లకు గెలిచిన సంగతి సండే స్కూలులో అందరికీ చెప్పుదుము. ఆయన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో చదువుచు స్కాట్లండు తరపున ఏడుసార్లు రగ్బీ ఆడినవారని, పరుగు కొరకు రగ్బీని ముందుగానే విడిచినారని మాత్రము చెప్పము. ఆదివారము కథ అంత పేరుపొందినది గనుక ఈ చిన్న విడుపు దాని చాటున పడిపోయినది. మన పిల్లలకు ముందుగా అవసరపడేది ఈ చిన్నదేనని మాకు తోచుచున్నది.

ఇక మన పిల్లవాని సంగతి. రెంటిలో ఒకటి విడువుమని మేము చెప్పలేదు. లెక్క వేయుమన్నాము. ఏ ఆటలో నీ చోటుకు ఎందరు పోటీ? పై సంవత్సరము చదువు ముగించి వెళ్ళేవారు ఎవరు? రైడర్లు ముగ్గురు వెళ్ళిపోవుచున్నారా, లేక కొట్టేవారు వెళ్ళుచున్నారా? వేలు, మోకాలు ఏ ఆటకు తట్టుకొనును? శిక్షకుని దగ్గరకు వెళ్ళి, నాకు చోటు ఉన్నదా లేదా అని మర్యాదగా, ముఖాముఖి అడుగుమన్నాము. ఊరకుండుటవలననే మనవాళ్ళు చాల యేండ్లు పోగొట్టుకొందురు. వాడు అడిగినాడు. శిక్షకుడు కూడ దాచక చెప్పినాడు: వాలీబాల్‌లో ఈ యేడు ఇద్దరు సీనియర్లు ఉన్నారు, కబడ్డిలో ముగ్గురు రైడర్లు వెళ్ళిపోయినారు.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటి ఉన్నది. బయట కూర్చున్న పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు, ఆడించినారా అని గుమ్మములోనే అడుగకండి. అన్నము పెట్టండి. ఆడియుంటే వాడే చెప్పును. సంఘ పెద్దలకు మరొకటి: శతవార్షికోత్సవ నిధిలో మిగులు ఉన్నదని వింటిమి. ఎంపికల నెలలో మన నలుగురు పిల్లలకు, ఇద్దరు ఆడపిల్లలకు బస్సు చార్జీలు అందులోనుండి ఇప్పించగలరా? పెద్ద మొత్తము కాదు, లెక్క వ్రాసి అయ్యగారికి ఇచ్చినాము.

వచ్చే నెలలోనే ఎంపికలు. ఇప్పుడు వాడు ఉదయము ఇసుకలో కబడ్డికి పోవుచున్నాడు. సాయంత్రము మాత్రము, జట్టు కొరకు కాదు, ఊరకే ఆడుకొందునని నెట్టు దగ్గరకు వచ్చుచున్నాడు. వేలికి గుడ్డ చుట్టుకొని వచ్చును. నిన్న చీకటి పడిన తరువాత మేము నెట్టు విప్పబోతే, అన్నా, ఇంకొక ఆట అన్నాడు.