ఒక్క బిట్ బొమ్మ

మాట్లాడడానికి కంప్యూటర్ తెర మీద అన్నిటికన్నా నిరాడంబరమైన వస్తువును ఎంచుకున్నాను: చుక్కకు ఒక్క బిట్ చొప్పున దాచే నలుపు తెలుపు బొమ్మ. గతిలేక వాడారు, రంగులు రాగానే దాని పని అయిపోయింది అంటారు. మొదటి మాట నిజమే. రెండో మాటతోనే నాకు పేచీ.

గతిలేకపోవడం అంటే మెమరీ కరువు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రం పార్క్‌లో పుట్టిన ఆల్టో కంప్యూటర్ తెర నిలువు కాగితంలా ఉండేది: 606 చుక్కల వెడల్పు, 808 ఎత్తు. చుక్కకు ఒక బిట్ అనుకున్నా దాదాపు 60 కిలోబైట్లు. మెమరీ మొత్తం 128 కిలోబైట్లే. సగానికి దగ్గరగా తెరే మింగేసింది. అంత బొమ్మను చుక్కచుక్కగా కదిపితే పని జరగదు. అందుకని 1975లో డాన్ ఇంగాల్స్, ఆయన సహచరులు బిట్‌బ్లిట్ అనే ప్రక్రియ తెచ్చారు. ఒక దీర్ఘచతురస్రాన్ని ఎత్తి, ఇంకోచోట ఉన్న బిట్లతో కలపడమో, వాటిని తుడిచేయడమో దాని పని. విండో జరిగినా, మెనూ తెరుచుకున్నా, అక్షరం పడినా వెనక జరిగేది అదే.

1984 మాకింటాష్‌లో తెర 512 బై 342. అంటే 21,888 బైట్లు, ఉన్న 128 కిలోబైట్లలో ఆరో వంతు. చుక్కకు 8 బిట్లు ఇచ్చి ఉంటే మెమరీ అంతా ధారపోసినా చాలేది కాదు. సూజన్ కేర్ గళ్ల కాగితం మీద 32 బై 32 గళ్లలో ఐకాన్లు గీస్తే, తెర మీద గీసే పని బిల్ అట్కిన్సన్ రాసిన క్విక్‌డ్రాది.

ఆ మాకింటాష్ కర్సర్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అది 16 బై 16 చుక్కలే, కానీ బొమ్మలు రెండు: ఆకారం ఒకటి, మాస్క్ ఒకటి. మాస్క్‌లో 1 ఉన్నచోట ఆకారం బిట్‌ను బట్టి నలుపో తెలుపో పడుతుంది. రెండింటా 0 ఉంటే కిందిది అలాగే కనిపిస్తుంది. మాస్క్ 0, ఆకారం 1 అయితే కింది రంగు తిరగబడుతుంది. రెండు బిట్లతో నాలుగు ఫలితాలు! పారదర్శకత అన్న ఆలోచన ఇంత చౌకగా దొరకడం నాకు ఇప్పటికీ ముచ్చటే.

అదే 1984లో ఎంఐటీలో ఎక్స్ విండో సిస్టమ్ మొదలైంది. దాని బొమ్మ ఫైలు ఎక్స్‌బీఎం తెరిస్తే కనిపించేది సీ కోడే: వెడల్పు, ఎత్తు, ఆపైన హెక్సా అంకెల వరస. ప్రోగ్రామ్‌లో ఇన్‌క్లూడ్ చేసి కంపైల్ చేస్తే సరి. ఒక చిక్కుంది. హెక్సా 01 అని రాస్తే వెలిగేది ఎడమ చివరి చుక్క, 80 అంటే కుడి చివరిది. మాకింటాష్, విండోస్‌లలో వరస దీనికి తలకిందులు. అక్కడి అంకెలను యథాతథంగా దించితే ప్రతి ఎనిమిది చుక్కలూ అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. 18 లాంటి బైటు మాత్రం రెండువైపులా ఒకటే కాబట్టి బతికిపోతుంది.

ఆ ఫైల్లో ఎక్కడా రంగు ఉండదు. 1కి ఏ రంగు, 0కి ఏ రంగు అన్నది గీసేటప్పుడు ప్రోగ్రామ్ చెబుతుంది. విండోలు, బటన్లు గీయడానికి జాన్ ఔస్టర్‌హౌట్ రాసిన టీకే టూల్‌కిట్‌లోనూ ఇదే పద్ధతి; పైథాన్ టీకింటర్ ద్వారా అది మన విద్యార్థుల చేతికీ వచ్చింది. బిట్‌మ్యాప్ ఇమేజ్‌కు ఫోర్‌గ్రౌండ్ రంగు ఇస్తారు. బ్యాక్‌గ్రౌండ్ ఖాళీగా వదిలితే 0 చుక్కలు పారదర్శకం. ఒకే బొమ్మ మామూలు బటన్ మీద నల్లగా, హెచ్చరికలో ఎర్రగా వస్తుంది.

నా పేచీ ఇక్కడే. మెమరీ కరువు తీరినా, ఆకారాన్నీ రంగునూ విడిగా ఉంచే ఈ పద్ధతి పోలేదు. ఇవాళ మ్యాక్ మెనూ బార్‌కు టెంప్లేట్ ఐకాన్ ఇస్తే, సిస్టమ్ దాని ఆకారాన్నే తీసుకుని రంగు తానే వేస్తుంది. మెనూ బార్ ముదురుగా ఉంటే అదే ఐకాన్ తెల్లబడుతుంది. ఆండ్రాయిడ్ నోటిఫికేషన్ చిన్న ఐకాన్‌దీ ఇదే తీరు. అంచులు నునుపుగా రావడానికి మాస్క్‌లో చుక్కకు ఒక్క బిట్ చాలక ఎనిమిది వాడుతున్నారు, అంతే.